ఆకు లేని పచ్చదనం

మా బాల్కనీ తూర్పు ముఖం. పొద్దున్న ఏడు దాటాక ఒక పావుగంట సేపు ఎండ ఏటవాలుగా లోపలికొచ్చి, కుండీల నీడల్ని వెనక తెల్లగోడ మీద పరుస్తుంది. మనీప్లాంట్ నీడ ఒక నల్లటి మరక. క్రోటన్‌ది ఇంకాస్త పెద్ద మరక. తులసమ్మ పవిత్రత తులసమ్మకి ఉండనే ఉంది, కానీ నీడ వరకూ చూస్తే అదీ ముద్దే. ఆ వరసలో చివరి కుండీది మాత్రం మరక కాదు, బొమ్మ. సన్నపాటి పాళీతో, చెయ్యి వణక్కుండా, ఎక్కడా సిరా ఒలక్కుండా గీసిన బొమ్మ. ఒక గీతలోంచి చిన్న గీతలు, వాటిలోంచి ఇంకా చిన్నవి, వాటి కొసల్లో నూగు. బాపుగారి బొమ్మల్లో కూడా నేను రంగులు వేసినవాటి కన్నా వెయ్యనివాటి దగ్గరే ఎక్కువసేపు ఆగిపోతాను. రంగు ఉంటే కన్ను దాని మీద కూర్చుంటుంది. గీత ఒక్కటే ఉంటే కన్ను దాని వెంట నడవాలి. ఈ గోడ దగ్గర కూడా నాది అదే నడక. ఎండ పైకెక్కుతుంది, బొమ్మ చెరిగిపోతుంది, చేతిలో కాఫీ చల్లారిపోయి ఉంటుంది.

ఆ చివరి కుండీలో ఉన్నది ఆస్పరాగస్ ఫెర్న్.

రాజమండ్రి పక్కన కడియపులంకలో కొన్నాను దాన్ని. ఆ ఊళ్లో రోడ్డుకి రెండు పక్కలా నర్సరీలే, కనుచూపు మేర. ఏదో గులాబీ అంటు కోసం వెళ్లినవాణ్ణి, ఒక షేడ్‌నెట్ కింద మూలగా నల్ల ప్లాస్టిక్ సంచిలో ఉన్న ఈ పొగలాంటి దాని ముందు ఆగిపోయాను. "ఈ ఫెర్న్ ఎంతండీ?" అంటే నర్సరీ ఆయన నవ్వి, "ఫెర్నంటారు గానీ ఫెర్ను కాదండీ బాబూ ఇది. ఆయ్, పూస్తాదండి, కాస్తాది కూడానండి" అన్నాడు. ఆ రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో దాన్ని ఒళ్లో పెట్టుకుని హైదరాబాదు దాకా వచ్చాను. బెర్తు కింద పెడితే ఎవరి చెప్పు తగులుతుందో అని భయం. పక్క బెర్తు పెద్దాయన రెండుసార్లు చూసి, "పెళ్లికా?" అని అడిగాడు. ఆ ప్రశ్నలో ఎంత సంగతి ఉందో తరవాత చెబుతాను.

నర్సరీ ఆయన మాట నూటికి నూరుపాళ్లూ నిజం. ఫెర్న్ అనేది పువ్వు ఎరగని మొక్క. ఆకు అడుగున పొడిలాంటి బీజాలు కట్టి వంశం నిలుపుకుంటుంది. ఇది ఆ కులం కాదు. తెల్లవాళ్లు కూరగా తినే ఆస్పరాగస్‌కి దాయాది. 200కు పైగా జాతులున్న పెద్ద కుటుంబం ఇది, మన అడవుల్లోని శతావరి కూడా అందులోదే. మా కుండీలోదాని సొంత ఊరు ఆఫ్రికా దక్షిణ, తూర్పు ప్రాంతాలు. శాస్త్రం పేరు ఆస్పరాగస్ సెటేసియస్. లాటిన్‌లో సెటేసియస్ అంటే కుచ్చువెంట్రుకల్లాంటిది. అంతకుముందు దీనికి ప్లుమోసస్ అనే పేరుండేది, అంటే ఈకలున్నది. ఒకే మొక్కలో ఒకాయనకి పంది వెంట్రుక కనిపించింది, ఇంకొకాయనకి పక్షి ఈక కనిపించింది. పందెంలో వెంట్రుకే గెలిచింది. నా ఓటు మాత్రం ఈకకే. మన పూలదుకాణాల్లో ఇప్పటికీ ప్లుమోసస్ అనే అంటారు, రసికులు.

ఇక అసలు వింత. ఈ పచ్చదనంలో మనం ఆకు అనుకుంటున్న ఏదీ ఆకు కాదు.

ఒక కొమ్మని కంటికి ఆనించుకున్నంత దగ్గరగా తెచ్చుకుని చూడాలి, వీలైతే భూతద్దంతో. దారం కన్నా సన్నగా, అర సెంటీమీటరు పొడవున, పదేసి పదిహేనేసి చొప్పున గుత్తులు కట్టిన సూదులు కనిపిస్తాయి. అవి కొమ్మలు. ఆకుల పని నెత్తినేసుకుని పచ్చబడిన కొమ్మలు. నిజమైన ఆకు ఎక్కడుందంటే, ఆ గుత్తి మొదట్లో ఎండిన పొలుసులాగా, గోధుమ రంగులో, పొట్టులాగా అతుక్కుని ఉంది. వాన సరిగా పడని నేలలో వెడల్పాటి ఆకు పెట్టుకోవడమంటే నీళ్లని గాలికి ధారపోసుకోవడమే. అందుకని ఈ వంశం ఆకుని పదవీ విరమణ చేయించి, ఎండని పట్టి అన్నం వండే ఉద్యోగం కొమ్మకిచ్చింది. శాస్త్రజ్ఞుడికి అది పొదుపు. నాకు అది శిల్పం. ఎందుకంటే ఆకు అంటే ఒక తలం, ఒక పరుపు. కొమ్మ అంటే గీత. తలాల్ని వదిలేసి గీతలతోనే మొత్తం పచ్చదనాన్ని కట్టుకున్న మొక్క ఇది. పొద్దున్నే గోడ మీద పాళీబొమ్మ ఎందుకు పడుతోందో అప్పుడు అర్థమైంది నాకు. అక్కడ నీడ గీతల్ని కనిపెట్టడం లేదు, ఉన్నవాటిని ఉన్నట్టు దించుతోంది.

గీతలతో కట్టినదాంట్లో ఖాళీ కూడా కట్టడంలో భాగమే. సెటేసియస్ కొమ్మ నిలువుగా లేచి, ఒక ఎత్తుకొచ్చాక పక్కకి వాలి, అక్కడి నుంచి నేలకి సమంగా, చదునుగా విచ్చుకుంటుంది. దాని పైన ఇంకొకటి, ఆ పైన మరొకటి. అంతస్తులు అంతస్తులుగా ఉంటుంది, కానీ ఏ అంతస్తూ కిందిదాన్ని కప్పెయ్యదు. పై పొర గుండా కింది పొర కనిపిస్తుంది, కింది పొర గుండా కుండీ అంచు, దాని గుండా నేల. ఉప్పాడ చీర కొంగుని కిటికీకి ఎదురుగా పట్టి చూస్తే నేత కూడా కనిపిస్తుంది, నేత అవతల వీధి కూడా కనిపిస్తుంది. ఆ రెండు చూపులూ ఒకేసారి కలగడంలో ఒక సుఖం ఉంది. వీధి మెత్తబడుతుంది. మా ఎదుటి అపార్టుమెంటు బాల్కనీలో ఆరేసిన తువ్వాళ్లు, నీళ్ల ట్యాంకు, డిష్ యాంటెన్నా, ఇవేవీ అందమైనవి కావు. ఈ మొక్కలోంచి చూస్తే అవి క్షమించదగినవి అవుతాయి.

గాలికి ఇది ఊగే తీరు వేరు. అరటాకు గాలికి చప్పుడు చేస్తుంది, కొబ్బరి మట్ట కొట్టుకుంటుంది, రావి ఆకు గలగలమంటుంది. దీనికి చప్పుడు లేదు. సీలింగ్ ఫ్యాన్ ఒకటో నంబర్లో తిరిగినా చాలు, మొత్తం కొమ్మ ఒకే మాటుగా, నిద్రలో ఊపిరి తీసుకున్నట్టుగా ఇంత లేచి ఇంత దిగుతుంది.

రైల్లో ఆ పెద్దాయన "పెళ్లికా?" అని ఎందుకడిగాడో ఇప్పుడు చెప్పాలి. మనకి ఈ పచ్చదనం తెలిసిందే పెళ్లిళ్లలో. స్టేజీ మీద గ్లాడియోలస్ కట్టల వెనక, రిసెప్షన్‌లో చేతికిచ్చే గులాబీ వెనక, ముఖ్య అతిథి పుష్పగుచ్ఛంలో జర్బెరా పూల మధ్య సందుల్లో, పెళ్లికొడుకు కోటు గుండీ దగ్గర ఒంటి గులాబీకి ఆసరాగా. హైదరాబాదు గుడిమల్కాపూర్ మార్కెట్లో తెల్లవారుజామున తిరిగితే దీన్ని కట్టలు కట్టలుగా తడిగుడ్డలో చుట్టి అమ్ముతుంటారు. ఎవరూ దాన్ని చూడరు. చూడకూడదు కూడా, దాని ఉద్యోగమే అది. మన రసశాస్త్రంలో రెండు మాటలున్నాయి. ఏ వ్యక్తిని చూసి భావం పుడుతుందో ఆ వ్యక్తి ఆలంబనం. ఆ భావాన్ని రాజేసే వెన్నెల, తోట, చల్లగాలి ఉద్దీపనం. పుష్పగుచ్ఛంలో గులాబీ ఆలంబనం, ఇది ఉద్దీపనం. దీన్ని తీసేసి ఒట్టి గులాబీల కట్ట పట్టుకుని చూడండి, కూరగాయల కట్టలాగా ఉంటుంది. ఎరుపుకీ ఎరుపుకీ మధ్య ఊపిరాడదు.

అలా ఎప్పుడూ వెన్నెల పాత్రే వేసిన నటుణ్ణి ఒంటరిగా రంగస్థలం మీద నిలబెడితే? కుండీలో పెట్టి ఇంట్లోకి తేవడమంటే అదే. నాయిక లేదు, నాయకుడు లేడు, వెన్నెల ఒక్కటే ఉంది. మొదటి వారం రోజులు నాకు నిజంగానే వెలితిగా ఉండేది, ఇందులో ఇంకేదో గుచ్చాలేమో అన్నట్టు. చెయ్యి దానంతట అది పువ్వు కోసం వెతికేది. తరవాత తంబురా వినడం లాంటిదేదో జరిగింది. పాట మొదలు కాకముందు, శ్రుతి సరిచూసుకుంటున్నప్పుడు, ఆ ఒక్క నాదమే వినిపించే రెండు నిమిషాలుంటాయి. కొందరు ఆ సమయంలో పక్కవాళ్లతో మాట్లాడతారు. నాకు కచేరీలో అన్నిటికన్నా ఇష్టమైన నిమిషాలవి.

దీని వైభవమంతా చూడాలంటే మాత్రం కొత్త మొలక వచ్చే రోజులు పట్టుకోవాలి. మట్టిలోంచి ఒక ఈటె లేస్తుంది. ఆకు లేదు, కొమ్మ లేదు, నూగు లేదు. పొలుసులు అతుక్కున్న ఒట్టి పచ్చటి కాడ, కొస కాస్త ఊదా. పళ్లెంలో పెట్టే ఆస్పరాగస్ కాడకి సాక్షాత్తూ తమ్ముడు. రోజురోజుకీ సాగుతూ, పక్కనున్న పెద్దల్ని దాటిపోయి, గాల్లో ఒంటరిగా, దిక్కు తెలియనట్టు నిలబడి ఉంటుంది. కొత్తగా పెంచేవాళ్లు ఇక్కడే కంగారుపడతారు, ఇదేదో కలుపు మొలిచిందని పీకేసినవాళ్లని నేనెరుగుదును. పీకకూడదు. కొస తుంచకూడదు కూడా, తుంచితే ఆ కాడ ఎత్తు ఇక అక్కడితో సరి. ఆగాలి. ఒక రోజు పొలుసుల చాటు నుంచి పక్కకొమ్మలు బయటికొస్తాయి, మడతపెట్టిన గొడుగు ఊచల్లాగా. వాటి మీద పిల్లకొమ్మలు. ఆఖరున సూదులు, అప్పుడే పుట్టిన పిల్లాడి తలమీది జుట్టంత మెత్తగా, ఆకుపచ్చ కూడా ఇంకా ఖాయం కాని రంగులో. ఈటె వచ్చి ఈక అవుతుంది. నడుమ ఏ క్షణంలో అయిందో మాత్రం మనకి చిక్కదు.

ఫ్రెంచి చిత్రకారుడు ఎడ్వార్ మానే 1880లో ఒక ఆస్పరాగస్ కట్ట బొమ్మ వేశాడు. ఛార్లెస్ ఎఫ్రుస్సీ అనే కళాప్రియుడికి 800 ఫ్రాంకులకి బేరం. ఆయన ముచ్చటపడి 1000 పంపాడు. మానే ఊరుకోకుండా ఒకే ఒక్క కాడని ఇంకో చిన్న బొమ్మగా వేసి, మీ కట్టలోంచి ఇదొకటి జారిపోయిందన్న అర్థంలో చీటీ రాసి పంపాడట. ఆ ఒంటి కాడ ఇప్పుడు పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. గొప్ప చమత్కారం, ఇంకా గొప్ప బొమ్మ. కానీ వంటింటికి వచ్చిన కాడ చదువు మధ్యలో ఆపేసిన పిల్లాడితో సమానం. కొయ్యకుండా మడిలో వదిలేస్తే ఆ కూర ఆస్పరాగస్ కూడా మనిషి ఎత్తున లేచి, ఇలాగే పచ్చటి పొగై విచ్చుకుంటుంది. మానే ఒక నెల ఆగి ఉంటే బావుండేదని నాకు, కళాచరిత్ర తెలిసినవాళ్లకి కోపం వచ్చినా సరే, అనిపిస్తుంది.

పైన ఇంత పొగ ఉన్నా కింద మాత్రం గట్టి సంసారి. మన శతావరిని పల్లెల్లో పిల్లిపీచర అంటారు, పిల్లితేగలు అంటారు. దాన్ని తవ్వి చూసినవాళ్లకి ఆ రెండో పేరు ఎంత నికార్సయిందో తెలుస్తుంది. నేలలో తేగల కట్ట విప్పినట్టుగా, వేళ్లంత లావున, తెల్లగా, రసంతో నిండి గుత్తిగా ఉంటాయి దుంపవేళ్లు. శతమూలి అన్నది అందుకే. బాలింతలకి పాలు పడటానికి ఆయుర్వేదం వాడే లేహ్యం వాటితోనే. మా ఆఫ్రికా చుట్టానికి కూడా కండపట్టిన వేళ్లున్నాయి. దాని చెల్లెలు స్ప్రెంగెరీకైతే గోళీలు, చిన్న ఉల్లిపాయలు కుమ్మరించినట్టు దుంపలే దుంపలు. అవి నీళ్ల బిందెలు. కరువుకి దాచుకున్న నీళ్లు తప్ప వాటిలో మొలకెత్తే కన్ను ఉండదు. ఒక దుంప తుంచి పాతితే మొక్క రాదు.

దీని పోషణ అంతా ఈ బిందెల సంగతి అర్థం చేసుకోవడంలో ఉంది. నాకు అర్థం కాక మొదటి ఏడాదే దాన్ని దాదాపు చంపాను. అంత సుకుమారంగా కనిపించేదానికి రోజూ నీళ్లు పొయ్యకపోతే పాపమనిపించింది. కుండీ అడుగున పళ్లెంలో నీళ్లు నిలిచాయి. మూడు వారాలకి పసుపు తిరిగి, చెయ్యి తగిలితే చాలు సూదులు రాలడం మొదలెట్టాయి. ఊడ్చిపెట్టినట్టుండే బాల్కనీ నేల మీద పసుప్పచ్చటి పొడి. మా అమ్మ చీపురు పట్టుకొచ్చి, "ఇది మొక్కా, పసుపు దంచే రోలా?" అంది. తమాషా ఏమిటంటే నీళ్లు తక్కువైనా ఇది ఇలాగే పసుపు తిరిగి రాలుతుంది, మితిమీరినా అంతే. మొక్క మొహం చూసి చెప్పలేం. మట్టిలో వేలు పెట్టి చూడాలి. రెండు కణుపుల లోతున పొడిగా తగిలితే నిండా పొయ్యాలి, అడుగు కన్నంలోంచి కారేదాకా. కారిన నీళ్లు పారబొయ్యాలి. చలికాలంలో ఇంకా ఆగి పొయ్యాలి. అంతకు మించి శాస్త్రం లేదు.

వెలుతురు కావాలి, నడినెత్తి ఎండ వద్దు. మే నెలలో హైదరాబాదు 42 డిగ్రీలు దాటినప్పుడు ఒక్క మధ్యాహ్నం ఎండలో మర్చిపోయారా, మాడిన కొబ్బరి పీచు మిగులుతుంది. అలాగని గది మూల చీకట్లో పెడితే కొమ్మలు పలచబడి, వెలుతురు ఉన్నవైపు మెడలు సాచి, దిగులుగా ఉంటుంది. ఏసీ గాలి దీనికి పడదు. మా బోరునీళ్ల ఉప్పుకి సూదుల కొసలు గోధుమరంగు తిరిగేవి. వానాకాలం బకెట్లో పట్టిన నీళ్లు పోశాక తేడా కనిపించింది. రోజూ స్ప్రే కొట్టమని చెప్పేవాళ్లున్నారు. ఆ తేమ పది నిమిషాల్లో ఎగిరిపోతుంది. దాని బదులు జూలైలో ముసురు పట్టినప్పుడు ఒక పూట బయట పెట్టి చూడండి. ప్రతి సూది కొసనా ఒక చినుకు నిలుస్తుంది, గుండుసూది తలంత. వేల సూదులు, వేల చినుకులు, బరువుకి కొమ్మలన్నీ కాస్త వంగి. ఆ చూపు కోసమే నేను దాన్ని బయట పెడతాను, ఆరోగ్యం అనేది సాకు.

స్ప్రెంగెరీ అని చెల్లెలి పేరు తెచ్చాను కదా. నేపుల్స్‌లో స్థిరపడిన జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు కార్ల్ లుడ్విగ్ స్ప్రెంగర్ (1846–1917) పేరు దానిది. వేలాడే కుండీలో జుట్టు విరబోసుకున్నట్టు కిందికి జారే రకం. సూదులు అంగుళం దాకా ఉండి, కాస్త చదునుగా, మోటుగా ఉంటాయి. దానికి అక్క సుకుమారం లేదు, కానీ గొప్ప ధారాళం ఉంది. ఏ దిక్కుకైనా పోతుంది, ఏ కష్టమైనా పడుతుంది. పాత బంగళాల వరండా చూరుల్లో కనిపించేది ఎక్కువగా అదే. ఇంకొకటి ఫాక్స్‌టైల్, నక్కతోకలాగా నిలువుగా, గుండ్రంగా, దట్టంగా లేచేది. ఇప్పుడు ఆఫీసు లాబీల్లో ఫ్యాషన్. నాకు దాని మీద పెద్ద మోజు లేదు. బడి ఫంక్షన్‌కి నూనె రాసి దువ్వి పంపిన పిల్లాడిలా మరీ శుభ్రంగా ఉంటుంది, సందులు లేవు. సందులు లేకపోతే ఈ వంశంలో ఇక ఏముంది?

సెటేసియస్‌ని సుకుమారం అన్నాను గానీ, దాని చెయ్యి పట్టుకుంటే తెలుస్తుంది. రెండేళ్లకోసారి కుండీ మార్చాలి. వేళ్లు నిండిపోయి మట్టిని పైకి నెట్టేస్తాయి, స్ప్రెంగెరీ అయితే ప్లాస్టిక్ కుండీని చీల్చేస్తుంది కూడా. వానాకాలం మొదట్లో కుండీ బోర్లించి, వేళ్ల ముద్దని కత్తితో రెండుగా కోసి, ఒక్కో సగానికి కాసిని కాడలు, కాసిని వేళ్లు ఉండేలా చూసి విడివిడిగా నాటడం దీన్ని పెంచే సులువైన మార్గం. ఆ పని చేస్తుండగా మొదటిసారి గుచ్చుకుంది నాకు. ముదురు కాడల మీద, పొలుసు మొదట్లో, కిందికి వంగిన కొక్కెం లాంటి ముల్లు. అడవిలో పొదల మీదికి ఎగబాకడానికి పెట్టుకున్న గోళ్లవి. ఆకు అనేది పూర్తిగా మాయం కాలేదన్నమాట, కొంత ముల్లై మిగిలింది. ఆ రోజు నుంచి దాని మీద నాకు గౌరవం పెరిగింది. అంత మెత్తటి పద్యంలో ఎక్కడో ఒక పరుష పదం ఉండాలి, లేకపోతే నాలుక జారిపోతుంది.

పోయిన ఏడాది మా ఇంట్లో ఉన్న స్ప్రెంగెరీ పూసింది. పూలు కనిపించలేదు, వాసనే ముందు వచ్చింది. వంగి వెతికితే బియ్యపు నూకంత తెల్ల నక్షత్రాలు. తరవాత బఠాణీ గింజంత ఎర్రటి పళ్లు. ఆ పచ్చటి అల్లికలో కుంకుమ బొట్లలా అందంగానే ఉంటాయి గానీ తినేవి కావు, కడుపు చెడుతుంది. పిల్లలకీ, కుక్కపిల్లకీ, మరీ ముఖ్యంగా పిల్లికీ అందకుండా పెట్టాలి. పేరులోనే పిల్లిని పెట్టుకున్న కుటుంబం పిల్లికే పడకపోవడం విడ్డూరం. ఆ పళ్లు పిట్టలు తిని గింజలు చల్లడం వల్లే ఫ్లోరిడాలో, ఆస్ట్రేలియా తీరంలో ఇది తోటలు దాటి అడవిలో పడి, అక్కడి నేలమొక్కల్ని తొక్కేస్తోంది. అందుకని కత్తిరించిన చెత్తని ఖాళీ జాగాలో విసిరెయ్యను. ఎండబెట్టి, పళ్లు ఏరేసి, అప్పుడు పారేస్తాను.

ఇప్పుడు సెటేసియస్ కుండీలో పాత కాడలు తొమ్మిది. రెండు పసుపు తిరిగితే నిన్న మట్టి దాకా వంచి, మొదట్లో కోసేశాను. ఆ ఖాళీలోకి ఒక ఈటె లేస్తోంది. పది రోజులుగా కొలుస్తున్నాను, తలుపు పక్క గోడ మీద పెన్సిల్ గీతలు పెట్టి, పిల్లల ఎత్తు కొలిచినట్టు. ఇవాళ పొద్దున్న నీడలో కొస దగ్గర పొలుసు కాస్త విడిచినట్టు కనిపించింది. దగ్గరికెళ్లి చూస్తే నిజమే. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆఫీసు బస్సు వెళ్లిపోయింది.